పాత కంప్యూటర్ని పారేసే ముందు



ఈ పూట మీతో పాత కంప్యూటర్ల గురించి మాట్లాడదామని వచ్చాను. మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది. అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ కావచ్చు. కొట్లో బిల్లులు వేసే డెస్క్‌టాప్ కావచ్చు. కొన్న కొత్తలో బాగానే పనిచేసింది. ఇప్పుడు పొద్దున్నే ఆన్ చేసి, కాఫీ కలుపుకుని తాగి వచ్చినా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. ఒక ఫోల్డర్ తెరవాలంటే ఎంతో సేపు. మౌస్ కదిలించిన కాసేపటికి గానీ బాణం గుర్తు కదలదు.

అప్పుడు ఇంట్లో అందరూ ఒకే తీర్పు చెప్పేస్తారు. "దీని పనైపోయింది, కొత్తది కొనాల్సిందే" అని. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లో అదే అంటాడు. షాపులో కుర్రాడూ అదే అంటాడు.

నేను చెప్పడానికి వచ్చింది ఒక్క మాట. కొత్తది కొనే ముందు, పాతదాంట్లో ఏ భాగం నెమ్మదించిందో చూడండి. చాలా సందర్భాల్లో కంప్యూటర్ మొత్తం పాడై ఉండదు. ఒక్క భాగం మిగతా అన్నింటినీ వెనక్కి లాగుతూ ఉంటుంది. ఆ భాగాన్ని మార్చుకోవచ్చు. మార్చడానికి కొత్త కంప్యూటర్ ధరలో చిన్న వాటా చాలు.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. దాంతో చాలా మంది కంగారు పడుతున్నారు. మద్దతు ఆపేశారంటే మీ కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. అది రేపూ ఆన్ అవుతుంది, ఎల్లుండీ ఆన్ అవుతుంది. కాకపోతే కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు ఇక రావు. పేరు నమోదు చేసుకున్న వాళ్లకు మాత్రం ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. ఇంటర్నెట్‌లో బ్యాంకు పనులు చేసుకునే వాళ్లు ఈ సంగతి పట్టించుకోవాలి. అందులో సందేహం లేదు.

మరి విండోస్ 11కి మారిపోవచ్చు కదా అంటారా? అక్కడే చిక్కు వచ్చింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్ వాళ్లదైతే, దాదాపుగా ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతది గానీ అయ్యుండాలి. ఎనిమిదో తరం వచ్చింది 2017లో. అంటే 2016లో ముచ్చటపడి కొన్న మంచి ల్యాప్‌టాప్ కూడా కంపెనీ జాబితాలో ఉండదు. ఇది ఒక కంపెనీ తన భద్రతా లెక్కలను బట్టి గీసుకున్న గీత. ఆ గీతకు అవతల పడినంత మాత్రాన మీ ప్రాసెసర్ లెక్కలు చేయడం మర్చిపోలేదు. ఉత్తరం టైప్ చేయడానికి, వీడియో చూడడానికి, కరెంటు బిల్లు కట్టడానికి, పిల్లలు పాఠాలు వినడానికి దానికి ఇప్పటికీ సత్తువ ఉంది.

సరే, ఏ భాగం నెమ్మదిస్తుంది? అది తెలియాలంటే ఒకసారి మీ వంటింటిని తలుచుకోండి.

పొయ్యి దగ్గర నిలబడి వండే మనిషి ప్రాసెసర్. పొయ్యి పక్కన గట్టు ఉంటుంది చూడండి, అది ర్యామ్. అప్పటికప్పుడు కావలసిన గిన్నెలు, డబ్బాలు ఆ గట్టు మీద ఉంటాయి. ఇక అటక ఉందే, అది హార్డ్ డిస్క్. ఇంటి సామానంతా అక్కడ నిల్వ ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి. వండే మనిషి చెయ్యి ఎంత చురుకైనదైనా సరే, పోపు గింజలకోసారి, చింతపండుకోసారి, ఉప్పుకోసారి నిచ్చెన వేసుకుని అటక ఎక్కాల్సి వస్తే వంట ఎప్పటికి అవుతుంది? గట్టు ఇరుకుగా ఉంటే తిప్పలు ఇంకా ఎక్కువ. ఒక గిన్నె దించుకోవాలంటే ముందు ఇంకో గిన్నెను పైకి చేర్చాలి. అది మళ్లీ కావాలంటే మళ్లీ ఎక్కాలి.

మీ పాత కంప్యూటర్‌లో జరుగుతున్నది అదే. ప్రాసెసర్ ఖాళీగా నిలబడి, సామాను ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూస్తోంది.

పాత కంప్యూటర్లలో ఉండే హార్డ్ డిస్క్ లోపల పళ్లాలు తిరుగుతుంటాయి. ల్యాప్‌టాప్‌లో అయితే సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు. వాటి మీద ఒక సన్నని చెయ్యి అటూ ఇటూ కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. ఐబీఎం కంపెనీ 1956లో చేసిన మొట్టమొదటి డిస్క్ యంత్రం కూడా ఈ పద్ధతిలోనే నడిచింది. అది బీరువా కంటే పెద్దది. అందులో పట్టింది 50 లక్షల అక్షరాలు. అప్పటి నుంచి పరిమాణం తగ్గింది, నిల్వ పెరిగింది. కానీ చెయ్యి కదిలి, పళ్లెం తిరిగి, కావలసిన చోటు దొరకడానికి ఇప్పటికీ సెకనులో వందో వంతు పైనే పడుతుంది. వందో వంతు అంటే ఏముంది అనుకోవద్దు. కంప్యూటర్ లేచేటప్పుడు వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు వెతకాలి. ఒక్కోదానికి వందో వంతు అంటే అవన్నీ కలిపి నిమిషాలు అవుతాయి.

ఎస్.ఎస్.డి. అని ఇంకో రకం ఉంది. ఈ పేరు మాత్రం కాగితం మీద రాసుకోండి. ఎస్, ఎస్, డి. ఇందులో తిరిగేది ఏదీ ఉండదు. అంతా మెమరీ చిప్పులే. కావలసిన చోటు వెతకడానికి దీనికి సెకనులో పదివేలో వంతు చాలు. అంటే హార్డ్ డిస్క్ కంటే వంద రెట్లు త్వరగా దొరుకుతుంది. అటక మీద సామానంతా చేతికందే అలమరాలోకి దించినట్టు. వండే మనిషి అదే మనిషి. పొయ్యి అదే పొయ్యి. వంట మాత్రం చకచకా అయిపోతుంది.

మరి మీ దాంట్లో ఏది ఉందో ఎలా తెలుస్తుంది? విండోస్ 10 ఉన్న కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్, ఈ మూడు బటన్లూ కలిపి నొక్కండి. మళ్లీ చెప్తున్నాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్. టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకుంటుంది. చిన్నగా కనపడితే కింద మోర్ డీటెయిల్స్ అని ఉంటుంది, అది నొక్కండి. పైన పెర్ఫార్మెన్స్ అన్న చోటికి వెళ్తే ఎడమ పక్కన డిస్క్ కనపడుతుంది. దాని కింద హెచ్.డి.డి. అని ఉంటే పాత తిరిగే డిస్క్. ఎస్.ఎస్.డి. అని ఉంటే కొత్త రకం. కంప్యూటర్ నత్తనడక నడుస్తున్నప్పుడు ఆ డిస్క్ దగ్గర 100 శాతం అని కనపడుతూ, పైన సీపీయూ, అంటే ప్రాసెసర్ దగ్గర 10, 20 శాతమే ఉందనుకోండి. మీకు జవాబు దొరికినట్టే. తప్పు డిస్క్‌ది.

అక్కడే మెమరీ అని కూడా ఉంటుంది. దాన్ని నొక్కితే ర్యామ్ ఎంత ఉందో, ఎంత నిండిందో చెప్తుంది. ర్యామ్ పెట్టే స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని వాడుకలో ఉన్నాయో కూడా చెప్తుంది. రెండింట్లో ఒకటి ఖాళీగా ఉంటే, అక్కడ ఇంకో 4 జీబీ పెట్టుకునే వీలుంటుంది. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. వాటిలో మార్చడం కుదరదు. కొనే ముందే అడిగి తెలుసుకోండి.

డిస్క్ మార్చడం పెద్ద పని కాదు. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో రెండున్నర అంగుళాల సాటా డిస్క్ ఉంటుంది. అదే కొలతలో ఎస్.ఎస్.డి. దొరుకుతుంది. వెనక స్క్రూలు విప్పి, పాతది తీసి, ఆ చోటే కొత్తది పెడతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే ఈ పని నిలబడి చేయించుకుని రావచ్చు. అంత దూరం వెళ్లక్కర్లేదు కూడా. మీ ఊరి పక్క పట్నంలో కంప్యూటర్ రిపేర్ చేసే వాళ్లెవరికైనా ఇది తెలిసిన పనే. 256 జీబీ అయితే మామూలు ఇంటి వాడకానికి సరిపోతుంది. పేరున్న కంపెనీది తీసుకోండి, బిల్లు తీసుకోండి, వారంటీ ఎన్నేళ్లో అడగండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మెమరీ చిప్పులకు ఏఐ డేటా సెంటర్ల నుంచి గిరాకీ ఎక్కువై, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకని రెండూ ఒకేసారి కొనేయకండి. ముందు డిస్క్ మార్చండి. వారం వాడి చూడండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటేనే ర్యామ్ సంగతి ఆలోచించండి. నా అభిప్రాయంలో చాలా ఇళ్లకు డిస్క్ ఒక్కటే సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త, ఇది ఇంకా ముఖ్యం. ఏ పనీ మొదలుపెట్టక ముందే ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు వేరే చోట దాచుకోండి. పాత హార్డ్ డిస్క్ చెడిపోయే ముందు టకటకమని చప్పుడు చేసి చెప్తుంది, అన్ని సార్లూ కాకపోయినా. ఎస్.ఎస్.డి. ఏ చప్పుడూ చేయదు. పోయిందంటే ఒక్కసారిగా పోతుంది. కాబట్టి ఎస్.ఎస్.డి. పెట్టించుకున్నాక కూడా రెండో కాపీ ఉండాల్సిందే.

ఇంతవరకూ వస్తువు మార్చడం గురించి చెప్పాను. రెండో సగం, ఆ వస్తువును నడిపించే సాఫ్ట్‌వేర్. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్‌కి ఏం దారి? నేను గట్టిగా చెప్పే జవాబు లినక్స్, విండోస్ స్థానంలో ఉచితంగా పెట్టుకోగలిగే సాఫ్ట్‌వేర్.

ఈ పేరు వినగానే అది ఇంజనీర్ల వ్యవహారం అనుకుంటారు చాలా మంది. కానీ మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని అడుగున ఉన్నది లినక్సే. ప్రపంచంలో అన్నింటికంటే శక్తిమంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటి ఉంది. 2017 నుంచి ఆ 500కి 500 లినక్స్ మీదే నడుస్తున్నాయి. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు దీన్ని మొదలుపెట్టాడు. రాసిన కోడ్‌ను అందరికీ కనపడేలా పెట్టాడు. ఎవరైనా చదవవచ్చు, సరిదిద్దవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకుని మళ్లీ పంచవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే ఇదే.

పాత కంప్యూటర్లకూ దీనికీ సంబంధం ఏమిటంటే, ఒక కంపెనీకి పాత యంత్రాన్ని మోస్తూ ఉండడం ఖర్చు. అది తప్పని నేను అనను. కానీ కోడ్ అందరి చేతిలో ఉన్నప్పుడు, ఆ యంత్రాన్ని ఇంకా వాడుతున్న వాళ్లే దాన్ని నిలబెట్టుకుంటారు. టోర్వాల్డ్స్ లినక్స్‌ని మొదట రాసింది ఇంటెల్ 386 చిప్ ఉన్న కంప్యూటర్ మీద. ఆ చిప్ 1985లో వచ్చింది. లినక్స్ దాన్ని వదిలేయాలని నిర్ణయించింది 2012లో. 27 ఏళ్లు! శాశ్వతంగా మోస్తారని చెప్పను. 32 బిట్ కంప్యూటర్లను ఇప్పుడు లినక్స్‌లో కూడా ఒక్కొక్కరే వదిలేస్తున్నారు. కానీ మీ 2013, 2014 ల్యాప్‌టాప్‌కి దిగులు అక్కర్లేదు.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. అవన్నీ చెప్పి మిమ్మల్ని తికమక పెట్టను. ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి. లినక్స్ మింట్. విండోస్‌కి అలవాటు పడ్డ వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కింద ఎడమ మూల మెనూ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఉంటుంది. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రె ఆఫీస్ ఉంటుంది. పాటలకు, సినిమాలకు వీఎల్‌సీ పెట్టుకోవచ్చు. ఆ వీఎల్‌సీ కూడా ఓపెన్ సోర్సే, పారిస్‌లో కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టింది. మీలో చాలా మంది ఏళ్లుగా వాడుతూనే ఉన్నారు.

డబ్బులు తీసుకోకుండా ఇచ్చేది మంచిదెలా అవుతుందని ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. కేరళ వైపు చూడండి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. కైట్ అనే ప్రభుత్వ సంస్థ బడులకు సరిపోయేలా దాన్ని తయారుచేసి ఇస్తోంది. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనపడే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. నన్ను కలవరపెట్టే సంగతి వేరే ఉంది. మన ఊళ్లలో చాలా కంప్యూటర్లలో డబ్బు కట్టకుండా దొంగ తాళం వేసిన విండోస్ నడుస్తోంది. ఆ తాళం పడాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆపినప్పుడు లోపలికి ఏం వచ్చిందో ఎవరికీ తెలియదు. అదే కంప్యూటర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాం. డబ్బు పెట్టలేని వాళ్లకు చట్టబద్ధమైన, శుభ్రమైన దారి ఒకటి తెరిచి ఉండగా, ఈ దారిలో ఎందుకు వెళ్లాలి?

లినక్స్ మింట్ మీకు నచ్చుతుందో లేదో, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. ఇది ఈ పూట నేను చెప్పే అసలు చిట్కా. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీది చూసుకోండి. మింట్ వాళ్ల అధికారిక వెబ్‌సైట్ నుంచే ఫైల్ దింపుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఆ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఇంట్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్లకు చెప్పండి, కాసేపట్లో చేసిపెడతారు. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు, కొన్నింట్లో ఎఫ్ 12, కొన్నింట్లో ఎఫ్ 9 లేదా ఎస్కేప్ నొక్కితే, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ అని చెప్పండి. లినక్స్ మొత్తం ఆ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. తెర మీద ఇన్‌స్టాల్ అనే గుర్తు కనపడుతుంది. దాన్ని ముట్టుకోనంత వరకు మీ విండోస్ ఎక్కడిది అక్కడే ఉంటుంది. మళ్లీ చెప్తున్నాను. ఇన్‌స్టాల్ ముట్టుకోకండి.

అప్పుడు ఒక్కొక్కటే చూసుకోండి. వైఫై పట్టిందా? శబ్దం వస్తోందా? కెమెరా పనిచేస్తోందా? ప్రింటర్ కాగితం కక్కిందా? మీరు రోజూ వెళ్లే వెబ్‌సైట్లు తెరుచుకున్నాయా? పెన్‌డ్రైవ్ మీద కాస్త నెమ్మదిగానే ఉంటుంది, వేగం చూసి అంచనా వేయకండి. అన్నీ కుదిరితే ముందుకు వెళ్లండి. కుదరకపోతే పెన్‌డ్రైవ్ పీకి, మళ్లీ ఆన్ చేయండి. మీ విండోస్ మీకు ఉంటుంది.

అందరికీ లినక్స్ పనికొస్తుందని చెప్తే అది అబద్ధమవుతుంది. మీ కొట్లో లెక్కలు ట్యాలీలో ఉంటే విండోస్‌లోనే ఉండండి. టెండర్లకూ పన్నులకూ డిజిటల్ సంతకం డాంగిల్ వాడే వాళ్లు కూడా తొందరపడకండి. పెళ్లి ఆల్బమ్‌లు ఫొటోషాప్‌లో చేసే స్టూడియో వాళ్లు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కొట్టే డీటీపీ వాళ్లు కూడా అంతే. మీకు ఎస్.ఎస్.డి. ఒక్కటే మార్చుకుని, విండోస్ 10కి ఆ అదనపు ఏడాది నమోదు చేసుకోవడం మేలు. ఆ ఏడాదిలో కొత్త యంత్రానికి డబ్బు కూడబెట్టుకోవచ్చు. అలాగే ర్యామ్ 2 జీబీయే ఉన్న కంప్యూటర్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. లినక్స్ లేస్తుంది గానీ, ఇప్పటి వెబ్‌సైట్లకు అది చాలదు. 4 ఉంటే నడుస్తుంది. 8 ఉంటే హాయిగా ఉంటుంది.

తెలుగు సంగతి అడిగే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. అడగాలి కూడా. లినక్స్‌లో తెలుగు చదవడానికి వేరే ఏదీ పెట్టుకోనక్కర్లేదు. టైప్ చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించే ఆర్.టి.ఎస్. పద్ధతి ఉంది, లేఖిని వాడిన వాళ్లకు అది తెలిసినదే. డీటీపీలో ఆపిల్ కీబోర్డు అలవాటైన వాళ్లకు ఆ అమరిక కూడా ఉంది. ఇక ఫాంట్లు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఎన్నో ఏళ్లుగా మనకు ఉచితంగా అందుతున్నాయి. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న లాంటివి కూడా ఎవరైనా వాడుకోవచ్చు. ఎక్కడో కూర్చుని ఎవరో మన అక్షరం ఒంపు సరిగ్గా రావాలని కష్టపడి, దాన్ని మనకు ఊరికే ఇచ్చారంటే, నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

ఇంతకీ మనం పారేసిన కంప్యూటర్లు ఏమవుతాయి? ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ఒక నివేదిక ఇచ్చాయి. 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతా కలిసి పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులట. అందులో సరైన పద్ధతిలో సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కన్నా తక్కువ. మిగిలిన దాంట్లో కొంత మన పాత సామాన్ల వాళ్ల చేతుల్లో పడుతుంది. రాగి కోసం తీగలు కాలుస్తారు. ఆ పొగ పీల్చేది వాళ్ల పిల్లలే. నడిచే కంప్యూటర్ని ఇంకో అయిదేళ్లు నడిపించాలని నేను పట్టుబట్టడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు.

చివరిగా, బయటికి తీసిన ఆ పాత హార్డ్ డిస్క్. దాన్ని షాపులో వదిలేసి రాకండి. మీ ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్‌లు, ఇంటి ఫొటోలు అందులో ఉంటాయి. డిలీట్ నొక్కినంత మాత్రాన అవి పోవు, తెలిసిన వాళ్లు మళ్లీ బయటికి తీయగలరు. డిస్క్ ఇంకా బాగానే ఉంటే, దానికి సరిపోయే యూఎస్‌బీ కేసు షాపులో అడగండి. తక్కువ ధరకే వస్తుంది. డిస్క్‌ని అందులో బిగిస్తే పెద్ద పెన్‌డ్రైవ్‌లా పనిచేస్తుంది. ఇందాక రెండో కాపీ ఉండాలని చెప్పాను కదా, అది ఇందులో పెట్టుకోండి. పెట్టుకున్నాక తీగ ఊడదీసి, పిల్లలకు అందని చోట భద్రం చేయండి.